తొలవక్కర్లేని తోముడు

గిన్నెలు తోమడం వేరు, తొలవడం వేరు. బూడిదా కొబ్బరిపీచూ పెట్టి రుద్దితే జిడ్డు వదులుతుంది. కానీ వదిలిన జిడ్డూ, వదిలించిన బూడిదా రెండూ గిన్నెకే అంటుకుని ఉంటాయి. అవి పోవాలంటే నీళ్ళు కావాలి. అంటే శుభ్రం చేయడంలో ఎప్పుడూ రెండు పనులుంటాయి: మురికిని తీయడం, ఆ మురికిని తీసినదాన్ని మళ్ళీ తీయడం. ఇంట్లో రెండోది చెంబెడు నీళ్ళతో తీరిపోతుంది కనుక దాన్ని ఒక పనిగా లెక్కపెట్టం. ఫ్యాక్టరీలో ఆ లెక్క తప్పదు. జనరేటరు రాగి చుట్టల మీద పేరుకున్న నూనెజిడ్డును ఇసుక కొట్టి ఊడగొట్టవచ్చు. మరి చుట్టల సందుల్లోకి దూరిన ఇసుకను ఎవరు ఊడగొట్టాలి? నీళ్ళతో కడగవచ్చు. మరి ఆ తడి ఆరేదాకా జనరేటరు ఎన్నాళ్ళు మూలన కూర్చోవాలి? డ్రై ఐస్ బ్లాస్టింగ్ అంటే గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువును, అదే కార్బన్ డయాక్సైడును, బియ్యపుగింజలంత గుళికలుగా చేసి గాలితో విసిరికొట్టి మురికిని వదిలించే పద్ధతి. ఇది ఆ రెండో పనిని దాదాపుగా లేకుండా చేస్తుంది. దాని విలువంతా అక్కడే ఉందని నా వాదన. దెబ్బలో ఉందనీ, చలిలో ఉందనీ, పేలుళ్ళలో ఉందనీ చెప్పే మాటలు సగం నిజాలు. ఆ తేడా పట్టుకుంటే ఈ యంత్రం ఎక్కడ అక్కరకొస్తుందో, ఎక్కడ రాదో, దానిమీద వచ్చే ఆక్షేపణల్లో ఏవి నిలుస్తాయో విడివిడిగా కనిపిస్తాయి.

రెండో పనిని నిర్లక్ష్యం చేస్తే ఎంత మూల్యం పడుతుందో గత నూటయాభై ఏళ్ళ చరిత్ర చెబుతుంది. 1870లో ఫిలడెల్ఫియాకు చెందిన బెంజమిన్ చ్యూ టిల్గ్‌మన్ ఇసుకను వేగంగా విసిరి గాజునూ రాతినీ లోహాన్నీ కోసే, చెక్కే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. తుప్పు వదిలించడానికి అంతకంటే చవకైన సాధనం లేకపోయింది. అయితే దెబ్బకు నలిగిన ఇసుక సన్నని సిలికా ధూళి అయి, పనివాళ్ళ ఊపిరితిత్తుల్లో చేరి, సిలికోసిస్ అయింది. 1950 నాటికే బ్రిటన్ బ్లాస్టింగుకు ఇసుక వాడకాన్ని నిషేధించవలసి వచ్చింది. రసాయనాల కథా అలాంటిదే. ఎలక్ట్రానిక్ పలకల మీది జిడ్డును చిటికెలో కరిగించి తనంతట తాను ఆవిరైపోయే సి.ఎఫ్.సి.–113ను ఒకప్పుడు వరంగా చూశారు. ఆవిరైనది ఆకాశంలోకి వెళ్ళి ఓజోను పొరను తింటోందని తెలిసి, 1987 మాంట్రియల్ ఒప్పందంతో దానికి తెర దించారు. లోహాల జిడ్డు తీసే ట్రైక్లోరోఎథిలీన్ భూగర్భ జలాల్లోకి ఇంకింది, మనుషుల్లో క్యాన్సరు కలిగిస్తుందని తేలింది. ఈ మూడుచోట్లా మొదటి పని బాగానే జరిగింది. తొలవడం అనే రెండో పనిని మాత్రం ఎవరి ఊపిరితిత్తులకో, ఆకాశానికో, బావులకో అప్పగించేశారు.

ఇక డ్రై ఐస్ సంగతి. హారతి కర్పూరాన్ని డబ్బా మూత తీసి వదిలేస్తే కరగకుండానే తరిగిపోతుంది. బీరువాలో పెట్టిన కలరా ఉండలూ అంతే. ఘనపదార్థం ద్రవం కాకుండా నేరుగా ఆవిరి కావడాన్ని ఉత్పతనం అంటారు. బొగ్గుపులుసు వాయువుకు మన వాతావరణంలో వేరే దారే లేదు. సుమారు 5.1 రెట్ల వాతావరణ పీడనం ఉంటే తప్ప అది ద్రవరూపంలో నిలవదు. మన మామూలు వాతావరణ పీడనంలో, సున్నాకు దిగువన 78.5 డిగ్రీల దగ్గర, తెల్లని గడ్డ నేరుగా వాయువైపోతుంది. 1835లో పారిస్‌లో థిలోరియే ద్రవరూపంలో బిగించిన ఈ వాయువును బయటికి వదిలినప్పుడు తెల్లని మంచు మిగలడం గమనించి లోకానికి చెప్పాడు. ఇవాళ గుళికలు చేసే యంత్రం చేసేదీ అదే. సుమారు 20 బార్ల పీడనంలో ఉన్న ద్రవాన్ని ఒక గదిలోకి చిమ్ముతారు. పీడనం ఒక్కసారిగా పడిపోయేసరికి కొంత ద్రవం ఆవిరవుతూ మిగతాదాని వేడిని లాగేసుకుంటుంది, ఆ మిగతాది మంచుపొడి అవుతుంది. ఆ పొడిని పిస్టనుతో అదిమి చిల్లుల పలకలోంచి నొక్కితే, జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు, మూడు మిల్లీమీటర్ల లావు పుల్లలు దిగి విరుగుతాయి. ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకోవాలి. చిమ్మిన ద్రవంలో సగంకంటే తక్కువే మంచవుతుంది, మిగిలింది వాయువుగా తిరిగిపోతుంది. దాన్ని పట్టి మళ్ళీ ద్రవం చేస్తున్నారా, గాలికి వదిలేస్తున్నారా అన్న ప్రశ్న ముందుముందు అవసరపడుతుంది.

బ్లాస్టింగ్ యంత్రం చూడటానికి చక్రాల మీద నిలబెట్టిన పెట్టెలా ఉంటుంది. పైన గుళికలు పోసే తొట్టి, వెనక కంప్రెసరు నుంచి వచ్చే గాలి గొట్టం, ముందు పొడవైన గొట్టమూ దాని చివర తుపాకీలాంటి పిడీ. తొట్టిలో ఉన్నది మామూలు పీడనం, గొట్టంలో ఉన్నది దానికి ఐదారు రెట్లు. ఎక్కువ పీడనంలోకి గుళికలను వేయబోతే గాలి ఎదురుతన్ని వాటిని తొట్టిలోకే ఎగజిమ్ముతుంది. దీనికి రెండు ఉపాయాలున్నాయి. పాత యంత్రాల్లో రెండు గొట్టాలుంటాయి: ఒకదానిలో గాలి పరుగెత్తుతుంది, ఆ పరుగుకు నాజిల్ దగ్గర పుట్టిన లాగుడు రెండో గొట్టంలోంచి గుళికలను పీల్చుకుంటుంది. ఇది సులువే గానీ దెబ్బ బలం తక్కువ. రెండోది విత్తనాలు వేసే డ్రిల్లులాంటిది. గుంటలున్న ఒక చక్రం తొట్టి కింద తిరుగుతూ గుంట గుంటకూ గుళికలు నింపుకుని, బిగుతైన మూతల మధ్య నుంచి అవతలికి తిరిగి, గాలి ప్రవాహంలో వాటిని ఒంపేస్తుంది. గాలి వెనక్కి తన్నడానికి దారి ఉండదు, గుళికలూ గాలీ ఒకే గొట్టంలో కలిసి పోతాయి. 1970లలో అమెరికా విమాన సంస్థ లాక్‌హీడ్‌లో ఈ ఆలోచన మొలకెత్తింది. ఉత్పతనం చెందే గుళికలతో బ్లాస్టింగ్ చేయడానికి 1977లో కాల్విన్ ఫాంగ్ పేరున పేటెంటు వచ్చింది, తర్వాతి దశాబ్దంలో యంత్రాలు అంగట్లోకి వచ్చాయి. నాజిల్ ఆకారం ఇంకా పాతది. ముందు ఇరుకై, తర్వాత వెడల్పయ్యే ఈ గొట్టాన్ని 19వ శతాబ్దం చివర్లో స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ డి లావాల్ ఆవిరి టర్బైన్లలో వాడాడు. ఇరుకులో గాలి ధ్వనివేగం అందుకుంటుంది, వెడల్పులో దాన్ని దాటిపోతుంది. శ్రీహరికోట నుంచి లేచే రాకెట్ల అడుగున ఉండేదీ ఈ ఆకారమే. గుళిక గాలికంటే బరువు కనుక అంత వేగం అందుకోలేదు, సెకనుకు 150 నుంచి 300 మీటర్ల మధ్య ఉంటుంది. గాలి పొడిగా ఉండటం కూడా ముఖ్యమే. కొంచెం చెమ్మ ఉన్నా గొట్టంలో నీటిమంచు కట్టి, గుళికలు ముద్దలై, దారి మూసుకుపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న: మురికిని ఊడగొట్టేది ఏది? అమ్మేవాళ్ళ వివరణ మూడు భాగాలుగా ఉంటుంది. గుళిక గుద్దుతుంది, చలికి మురికి బిరుసెక్కి పగులుతుంది, పగుళ్ళలో దూరిన గుళిక ఎనిమిది వందల రెట్లు వ్యాకోచించి పేలుతుంది. మూడూ వినసొంపుగానే ఉన్నాయి. లెక్క వేసి చూద్దాం. సెకనుకు 200 మీటర్ల వేగంతో వచ్చే గుళికల్లో కిలోకు 20 కిలోజౌళ్ళ గతిశక్తి ఉంటుంది. కిలో డ్రై ఐస్ పూర్తిగా వాయువు కావాలంటే సుమారు 570 కిలోజౌళ్ళ వేడి కావాలి. గుద్దినప్పుడు ఆ శక్తంతా వేడిగా మారి గుళికలోనే ఇంకిందనుకున్నా, గుళికలో నూటికి మూడు నాలుగు వంతులే అక్కడికక్కడ ఆవిరవుతాయి. మరి ఉపరితలం నుంచి వేడి రాదా అంటే, వస్తుంది గానీ దానికి సమయం చాలదు. మూడు మిల్లీమీటర్ల గుళిక ఆ వేగంతో నలిగిపోవడానికి సెకనులో లక్షోవంతు, కొంచెం అటూఇటూ పడుతుంది. అంతలో ఉక్కులోనే వేడి కదిలేది మిల్లీమీటరులో వందోవంతు మందం, ప్లాస్టిక్‌లాంటి మురికిలోనైతే వెయ్యోవంతు. కాబట్టి ఒక్కో గుళికా ఒక్కో బాంబు అన్న మాట అతిశయోక్తి. ఎనిమిది వందల రెట్ల వ్యాకోచం నిజమే, కానీ దానిలో అధికభాగం దెబ్బ తర్వాత, పొడి గాలిలో ఎగురుతున్నప్పుడు, మురికికి సంబంధం లేకుండా జరిగిపోతుంది. గుద్దిన క్షణంలో పుట్టే వాయువు గుళిక పరిమాణానికి ముప్ఫై రెట్లు ఉండవచ్చు. ఇప్పటికే లేచిన పెచ్చును పక్కకు నెట్టడానికి అది సాయపడుతుంది, గట్టిగా అతుక్కున్నదాన్ని పెకలించడానికి చాలదు.

చలి మాట వేరు. ఒక గుళిక చేయలేనిది వరసగా పడే వేల గుళికలు చేస్తాయి. ఎండాకాలంలో రోడ్డుమీది తారు చెప్పులకు సాగి అంటుకుంటుంది, చలికాలపు తెల్లవారుజామున అదే తారు పెళుసుగా విరుగుతుంది. నూనెజిడ్డు, మైనం, రబ్బరు, జిగురు అన్నీ ఆ జాతివే. చల్లబడితే సాగే గుణం పోగొట్టుకుని పెళుసవుతాయి, పెళుసైనదాన్ని చిన్నదెబ్బ కూడా పగలగొడుతుంది. పైగా ఇవి చలికి కుంచించుకునే తీరు ఉక్కుకంటే చాలా ఎక్కువ, తరచుగా ఐదు నుంచి పది రెట్లు. కింది లోహం కదలకుండా ఉండగా పైపొర ముడుచుకోబోతే రెండింటి మధ్య అతుకు మీద లాగుడు పడుతుంది. ఆ లాగుడు మీద దెబ్బ పడుతుంది. లేచిన పెచ్చును గాలి తోసుకుపోతుంది. దెబ్బే పని చేస్తుంది, చలి ఆ పనిని తేలిక చేస్తుంది, వాయువు చివర్లో ఓ చేయి వేస్తుంది. ఈ వరస తెలిస్తే, చలికి మారని మురికి మీద ఈ పద్ధతి ఎందుకు ఓడిపోతుందో వేరే చెప్పనక్కర్లేదు. తుప్పు చలికి మారదు, పెళుసెక్కడానికి అది ముందే పెళుసు. అది లోహంలోంచే పుట్టింది కనుక విడదీయడం కష్టం. డ్రై ఐస్ గట్టిదనం మోస్ స్కేలు మీద దాదాపు జిప్సమంత, రెండుకు మించదు, ఇసుకది ఏడు. సుద్దముక్కతో రాతిని గీకినట్టే. పైగా ఓడ పొట్టకో వంతెన దూలానికో కొత్త రంగు పట్టాలంటే ఉక్కు గరుకుగా ఉండాలి, ఆ గరుకుదనాన్ని ఇచ్చేది గట్టి రాపిడిరవ్వే. అలాంటిచోట డ్రై ఐస్‌ను తెచ్చిపెట్టడం డబ్బు తగలేయడమే.

గెలిచేచోట మాత్రం పూర్తిగా గెలుస్తుంది. కొత్త టైరు మీద సన్నని రబ్బరు వెంట్రుకలు లేచి ఉండటం అందరం చూసినదే. టైరును అచ్చులో పెట్టి సుమారు 150 నుంచి 170 డిగ్రీల వేడిలో పక్వం చేసేటప్పుడు, లోపల చిక్కుకున్న గాలి పోవడానికి అచ్చు గోడల్లో సూదిబెజ్జాలుంటాయి. గాలి వెనకే కొంచెం రబ్బరూ వాటిలోకి దూరి వెంట్రుకవుతుంది. వేల టైర్లు దిగాక అచ్చు గోడమీద రబ్బరు అవశేషాలూ, టైరు ఊడిరావడానికి పూసే మందూ పొరలు కడతాయి, టైరు మీది అక్షరాలూ గాళ్ళూ మొద్దుబారతాయి. పాతకాలం పద్ధతిలో అచ్చును చల్లార్చి, ప్రెస్సులోంచి ఊడదీసి, గాజుపూసలతో కొట్టి, బెజ్జాల్లో ఇరుక్కున్న పూసలను ఒక్కొక్కటిగా పొడిచి తీసి, మళ్ళీ బిగించి, మళ్ళీ వేడెక్కించాలి. కొట్టే పని కొద్దిసేపే, మిగతాదంతా రెండో పని, దానికి ముందువెనకల చాకిరీ. డ్రై ఐస్‌తో అచ్చును ప్రెస్సులోనే, వేడిగానే ఉంచి శుభ్రం చేయవచ్చు. వేడి అచ్చు నిజానికి మేలే. అచ్చుకూ గుళికకూ మధ్య తేడా 220 డిగ్రీలు దాటుతుంది కనుక పైపొర మరింత గట్టిగా ముడుచుకుంటుంది. బెజ్జంలో గుళిక ఇరుక్కున్నా దిగులు లేదు, అదే పోతుంది. అల్యూమినియం అచ్చుల పదునైన అంచులు ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. బెజ్జం లోతున గట్టిపడిన రబ్బరు మాత్రం దీనికీ లొంగకపోవచ్చు, దానికి డ్రిల్లు పట్టవలసిందే. బిస్కెట్ల పొయ్యిల్లో మాడిన చక్కెరపాకం, ముద్రణ యంత్రాల్లో ఎండిన సిరా, జనరేటరు చుట్టల జిడ్డు ఇవన్నీ ఇదే కోవలోవి. మురికి మెత్తనిది, కింద ఉన్నది విలువైనది, తడీ రవ్వా పనికిరానిది.

దీనిమీద మొదటి ఆక్షేపణ అందరికీ తోచేదే. భూమిని వేడెక్కించే వాయువునే గాలిలోకి చిమ్ముతూ దీన్ని పచ్చని సాంకేతికత అనడం ఎలా? జవాబు పాక్షికంగా ఉంది. అమ్ముడయ్యే బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా వేరే పనిలో ఉపఉత్పత్తిగా పుట్టినది. ఎరువుల కోసం అమ్మోనియా చేసేటప్పుడు, ఇథనాల్ కోసం పులియబెట్టేటప్పుడు వెలువడేదాన్ని పట్టి, శుద్ధిచేసి అమ్ముతారు. ఇందుకు సాక్ష్యం 2021 సెప్టెంబరులో బ్రిటన్‌లో దొరికింది. సహజవాయువు ధర పెరిగి బిల్లింగ్‌హామ్, ఇన్స్ ఊళ్ళలోని రెండు ఎరువుల ఫ్యాక్టరీలు ఆగిపోగానే దేశమంతటా ఈ వాయువుకు కటకట వచ్చింది, కబేళాలూ శీతలపానీయాల కంపెనీలూ గగ్గోలు పెట్టాయి, ప్రభుత్వం డబ్బిచ్చి ఫ్యాక్టరీని తెరిపించవలసి వచ్చింది. కాబట్టి డ్రై ఐస్ కొత్తగా వాయువును పుట్టించదు, ఎలాగూ పోయేదాన్ని కాస్త ఆపి వాడుకుంటుంది అన్న వాదన ఇవాళ్టికి నిజం. ఆ వాయువును భూగర్భంలో దాచే సదుపాయం ఆ ఫ్యాక్టరీలకు వచ్చిన రోజున ఈ వాదన బలం తగ్గుతుంది, ఆ సంగతి ఇప్పుడే ఒప్పుకోవడం మంచిది. అంతకంటే చాలామంది లెక్కలోకి తీసుకోనిది కరెంటు. ముప్ఫై కిలోవాట్ల కంప్రెసరు గంట నడిస్తే ముప్ఫై యూనిట్లు. మన దేశపు గ్రిడ్డులో యూనిట్టుకు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు పుడుతుంది కనుక గంటకు ఇరవై కిలోల పైచిలుకు. ఇది ఎలాగూ పోయేది కాదు, అచ్చంగా కొత్తది. ద్రవం చేయడానికయ్యే కరెంటు దీనికి అదనం, గుళికలు చేసేచోట వాయువును తిరిగి పట్టకపోతే ఆ నష్టమూ అదనమే. దీన్ని పోల్చవలసింది సున్నాతో కాదు. అచ్చును చల్లార్చి మళ్ళీ వేడెక్కించే ఖర్చుతో, రసాయనాలు కలిసిన మురుగునీటిని శుద్ధిచేసే ఖర్చుతో పోల్చాలి. అలా పోల్చినప్పుడు టైరు అచ్చుల దగ్గర తూకం డ్రై ఐస్ వైపే మొగ్గుతుంది. ఫ్యాక్టరీ నేల కడగడానికి వాడితే మాత్రం మొగ్గదు.

రెండో ఆక్షేపణ ఇంకా సూటిగా తగులుతుంది. వ్యర్థం మిగలదు అంటారే, మురికి ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. మాయమయ్యేది గుళిక ఒక్కటే. ఊడిన మురికి నేలమీద పడుతుంది, లేదా గాలిలో లేచి పక్క యంత్రం మీద వాలుతుంది. జిడ్డు పెచ్చులైతే చీపురుతో ఎత్తవచ్చు. సీసం కలిసిన పాత రంగో, ఆస్బెస్టాసో అయితే దాన్ని సెకనుకు వందల మీటర్ల గాలితో ఎగరగొట్టడం నేరంతో సమానం. గది మూసి, గాలిని వడగట్టి, పనివాళ్ళకు తగిన ముసుగులిచ్చి చేయాలి, అప్పుడు చవకదనం పోతుంది. అయినా ఇక్కడ ఒక నిజమైన లాభం మిగులుతుంది. ఇసుకతో కొడితే విషపదార్థం టన్నుల ఇసుకలో కలిసి ఆ ఇసుకంతా విషవ్యర్థమవుతుంది, నీటితో కడిగితే నీళ్ళన్నీ అవుతాయి. డ్రై ఐస్‌తో మిగిలేది ఊడిన మురికంత మాత్రమే.

మూడోది ఆక్షేపణ అనడం తక్కువ, ప్రాణాపాయం అనాలి. మాయమైన గుళిక నిజానికి మాయమవలేదు, పనివాడు పీల్చే గాలిలో చేరింది. ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తున్న గదిలో నూరు ఘనమీటర్ల గాలి ఉంటుంది. నిమిషానికి కిలో డ్రై ఐస్ వాడితే అర ఘనమీటరు దాటి వాయువు పుడుతుంది. ఎనిమిది గంటల పనికి అనుమతించే హద్దు 0.5 శాతం. గాలి ఆడకపోతే ఒక్క నిమిషంలోనే ఆ హద్దు తాకుతాం. తక్షణ ప్రాణాపాయంగా లెక్కించే 4 శాతం పది నిమిషాల లోపే వస్తుంది, యంత్రం నుంచి వచ్చే గాలిని కూడా లెక్కలో కలిపి చెబుతున్న మాట ఇది. గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువైన వాయువు కనుక గుంతల్లోనూ తొట్లలోనూ ఇంకా ముందే చేరుతుంది. అందుకే ట్యాంకుల్లో దిగి ఈ పని చేసేవాళ్ళకు బయటి నుంచి గాలి అందించాలి, గాలిని కొలిచే మీటరు ఒంటిమీద ఉండాలి. మీటరు లేకుండా మనిషిని దింపే యజమానికి ఈ యంత్రం కొనే అర్హత లేదు. చలి కంటికి కనబడుతుంది, చేతితొడుగులు వేసుకుంటారు. మోత చెవికి వినబడుతుంది, తరచుగా వంద డెసిబెల్సు దాటుతుంది కనుక చెవులు మూసుకుంటారు. రంగూ వాసనా లేని వాయువుకు అలాంటి హెచ్చరిక లేదు. దీనికి తోడు, పొడిగాలిలో రాసుకుంటూ పోయే గుళికలు విద్యుదావేశం పోగేసుకుంటాయి. 1954లో జర్మనీలోని బిట్‌బుర్గ్‌లో విమాన ఇంధనపు ట్యాంకు దగ్గర మంటలార్పే వ్యవస్థను పరీక్షిస్తూ బొగ్గుపులుసు వాయువును చిమ్మినప్పుడు, ఆ మంచురేణువుల ఆవేశం నుంచి నిప్పురవ్వ పుట్టి ట్యాంకు పేలి ప్రాణాలు పోయాయి. యంత్రాన్నీ, నాజిల్‌నూ, శుభ్రం చేసే వస్తువునూ భూమికి కలిపే తీగను అలంకారమనుకోకూడదన్నది అక్కడి నుంచి రావలసిన ఎరుక.

మన కోస్తాలో ఇంకో చిక్కుంది. చల్లబడిన లోహం మీద గాలిలోని చెమ్మ నీరుగా పడుతుంది. పొడి పద్ధతి అని తెచ్చుకున్నది, జులై నెలలో మోటారు చుట్టలను తడిపి పెట్టవచ్చు. వస్తువును ముందే కొంచెం వేడిచేయడమో, పని కాగానే వేడిగాలి పట్టడమో చేయాలి. గుళికలను నిలవ చేయడమూ కుదరదు. మందపాటి ఇన్సులేషన్ పెట్టెలో కూడా రోజురోజుకీ తరుగుతూనే ఉంటాయి, మూత తీసినప్పుడల్లా చెమ్మ పీల్చుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. లారీ వచ్చిన రోజే పని పెట్టుకోవాలి.

ఇదంతా గుద్దే పద్ధతి గురించి. దీని తోబుట్టువు ఒకటి గుద్దకుండానే పని చేస్తుంది. హవాయి ద్వీపంలో మౌనా కేయా శిఖరం మీది కొన్ని పెద్ద టెలిస్కోపుల అద్దాల మీద మైక్రానులో పదోవంతు మందాన అల్యూమినియం పూత ఉంటుంది. గుడ్డతో ఒక్కసారి రుద్దినా గీతలు పడతాయి. అక్కడ అద్దాన్ని ఏటవాలుగా వంచి, ద్రవం బిగించిన సిలిండరు నుంచి బొగ్గుపులుసు మంచును మెల్లగా దాని మీదికి వదులుతారు. తెల్లని రేకులు అద్దం మీదుగా జారుతూ దుమ్మును వెంటబెట్టుకుని కిందికి దిగుతాయి, అంచు చేరేసరికి రేకులు ఆవిరైపోతాయి, దుమ్ము రాలిపోతుంది. అద్దం మీద తుడవడానికి ఏమీ మిగలదు.